ఎల్డర్‌కోట్ వంటసాలలో హోమం

మా చెల్లెలు సరళ పెళ్ళికి నిప్పు దొరకక మేము పెన్సిల్వేనియా వెళ్ళాం. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, 1982లో న్యూజెర్సీలో తెలుగు పెళ్ళి చేయాలంటే కందిపప్పు దొరికేది, పసుపు కుంకుమలు దొరికేవి, కాస్త తిరిగితే కొబ్బరిబోండాం కూడా దొరికేది. హోమం పెట్టుకోవడానికి చోటు మాత్రం దొరికేది కాదు. అంతకు ముందు శీతాకాలంలో ఒక మోటెల్ హాల్లో మాకు తెలిసినవాళ్ళ పెళ్ళి జరిగింది. పెళ్ళికూతురు పేలాలు నిప్పులో వేసిందో లేదో, పైకప్పుకున్న అలారం గోల పెట్టింది. ఫైర్ ఇంజన్ వచ్చింది. పట్టుచీరల ఆడవాళ్ళూ, పంచెల మగవాళ్ళూ అరగంటసేపు పార్కింగ్ లాట్‌లో మంచు తొక్కుతూ నిలబడ్డారు. ఆ కబురు చుట్టుపక్కల హాళ్ళన్నిటికీ పాకిపోయింది. మేము ఫోన్ చేసి ఇండియన్ వెడ్డింగ్ అనగానే అవతలివాళ్ళు మర్యాదగా, చావు కబురు చల్లగా చెప్పినట్టు, మంటలు మాత్రం కుదరవు అనేవారు.

మన పెద్దల దగ్గరికి సలహాకి వెళ్తే అందరిదీ ఒకటే పాట. అమెరికాలో అంతే అమ్మా, సర్దుకోవాలి. ఒకాయన బ్యాటరీ కొవ్వొత్తి పెట్టుకోమన్నాడు. ఇంకొకావిడ టేబుల్ లాంప్‌కి ఎర్ర కాగితం చుట్టి దాని చుట్టూ ఏడడుగులు వేయించవచ్చని, తమ అమ్మాయికి అలాగే చేశామని, పిల్లాపాపలతో సుఖంగానే ఉన్నారని చెప్పింది. పెళ్ళికొడుకు వైపువాళ్ళు మంచివాళ్ళు, దానికీ తలూపారు. ఊపనిది సరళ ఒక్కతే. అది పూజా పునస్కారం చేసే మనిషి కాదు. కానీ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

"నమ్మకం సంగతి నీకు తెలుసు కదక్కా. అదేం పెద్దగా లేదు. కానీ బల్బు చుట్టూ తిరిగి పెళ్ళి చేసుకున్నానని జీవితాంతం ఎవరికి చెప్పుకోను? చేస్తే సరిగ్గా చెయ్యండి, లేకపోతే సిటీ హాల్‌కి వెళ్ళి సంతకం పెట్టేసి వస్తాం. మీరెవ్వరూ రానక్కర్లేదు" అంది.

జూన్‌లో ముహూర్తం. విజయవాడలో అమ్మా నాన్నా టికెట్లు కొనేసుకున్నారు. కూతురి పెళ్ళికని ఇంత దూరం వచ్చి వాళ్ళు సిటీ హాల్ క్యూలో నిలబడతారా? సరిగ్గా అప్పుడే మా ఆఫీసులో ఒకామె, మేముండే పార్సిప్పనీకి గంటన్నర దూరంలో, డెలావేర్ నది అవతల, పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే పాత ఇంగ్లిష్ బంగళా ఒకటుందని చెప్పింది. పేరు ఎల్డర్‌కోట్. ఇంగ్లండ్ పడమటి వైపు నాలుగు వందల ఏళ్ళు నిలబడ్డ జమీందారీ ఇంటిని, పంతొమ్మిది వందల ఇరవైలలో ఒక తివాచీల వ్యాపారి కొని, విప్పించి, రాయికీ దూలానికీ నంబర్లు వేయించి, ఓడలో తెప్పించి ఇక్కడ మళ్ళీ కట్టించాడట. నేను హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ చదివి, ఇక్కడ ఆఫీసులో బాత్రూమ్ తలుపుల కొలతలు గీస్తున్న రోజులవి. పెళ్ళి కుదిరినా కుదరకపోయినా ఆ ఇల్లు చూడాలనిపించింది. అంత పెద్ద ఇంట్లో పదకొండు చిమ్నీలున్నాయట, హోమానికి ఒక్కటి చాలదా అనుకున్నాను.

ఏప్రిల్‌లో ఒక శనివారం ఉదయం ఏడున్నరకి నా పాత డాట్సన్ కారులో బయలుదేరాం. నేను, సరళ, వెనక సీట్లో శాస్త్రిగారు. శాస్త్రిగారి గురించి చెప్పాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆయన ఒక మందుల కంపెనీ లాబ్‌లో కెమిస్ట్. శని, ఆదివారాల్లో మూడు రాష్ట్రాల తెలుగువాళ్ళకి పురోహితుడు. గోదావరి మనిషి, మాట మెత్తన. ఆయన ఎక్కడికి వెళ్ళినా పక్కన ఒక నీలం సూట్‌కేసు ఉంటుంది. అందులో రాగి హోమకుండం, నాలుగు ఇటుకలు, నెయ్యి డబ్బా, కర్పూరం, ఎండు కొబ్బరి చిప్పలు, సమిధల కట్ట. చోటు చూడకుండా ముహూర్తం నిలబెట్టలేనని, తూర్పు ఎటో తన కళ్ళతో చూడాలని మాతో వచ్చారు.

"అవి రావి పుల్లలేనా శాస్త్రిగారూ?" అని అడిగింది సరళ.

"ఇక్కడ రావి ఎక్కడమ్మడూ. మా పెరట్లో మేపుల్ కొమ్మలే ఎండబెట్టాను. సర్దుకున్నాను."

"మీరు కూడానా!"

"పుల్ల విషయంలో సర్దుకున్నానే గానీ నిప్పు విషయంలో కాదు లెండి" అన్నారాయన.

దారి తేలిక. 287 హైవే మీద దక్షిణంగా సోమర్‌విల్ దాకా వెళ్ళి, అక్కడ 202 పట్టుకుంటే ఫ్లెమింగ్టన్ మీదుగా నది దాకా వదలకుండా తీసుకెళ్తుంది. సోమర్‌విల్ సర్కిల్ దగ్గర మాత్రం జాగ్రత్త. నేను రెండుసార్లు చుట్టూ తిరిగాను, శాస్త్రిగారు ప్రదక్షిణ పూర్తయిందా అమ్మాయ్ అని అడిగారు. ఫ్లెమింగ్టన్ దాటాక పొలాలు మొదలవుతాయి. వంతెన మీద టోల్ చిల్లర డబ్బులే. నది దాటాక తొమ్మిదింటికి ఒక డైనర్ దగ్గర ఆగాం. సరళా నేనూ గుడ్డు లేని పాన్‌కేక్ అడిగితే అలాంటిది ఉండదన్నారు, టోస్టూ కాఫీతో సరిపెట్టుకున్నాం. శాస్త్రిగారు తన స్టీలు డబ్బా తీసి దద్దోజనం తినడం మొదలెట్టేసరికి వంటవాడే బయటికి వచ్చాడు. బయటి తిండి కూడదని గొడవ చేస్తాడనుకున్నాను. ఆయన డబ్బాలోకి తొంగిచూసి, ఆ ఆవాలు వేయించి వేశారా, పచ్చివా అని అడిగాడు. వేయించినవేనని చెప్పి శాస్త్రిగారు మూతలో కాస్త పెట్టిచ్చారు. ఆయన తిన్నాడు, నిలబడే.

ఎల్డర్‌కోట్‌కి దారి అడిగితే నవ్వాడు. "మా నాన్న ఆ రాళ్ళు రైలు పెట్టెల్లోంచి దించినవాడే. ముందున్న ఇల్లు రెండేళ్ళు కట్టారట. తివాచీల దొరగారు రోజుకో మార్పు చెప్పేవాడు. వెనకున్న చిన్నదాని దగ్గరికి వచ్చేసరికి ఆయనకి విసుగొచ్చేసింది. నంబర్ల ప్రకారం పేర్చేసి పొండి అన్నాడట. వాళ్ళు అలాగే పేర్చేసి పోయారు" అన్నాడు. వెనకున్న చిన్నది ఏమిటో నాకప్పుడు తెలీదు. పట్టించుకోలేదు కూడా.

పదింటికి మొదటి టూర్. టికెట్ మూడు డాలర్లు, గంట పడుతుంది. మట్టిరోడ్డు మలుపు తిరిగి చెట్లు తప్పుకోగానే ఇల్లు ఒక్కసారిగా కనిపిస్తుంది, ఆ కనిపించడం మాత్రం అద్భుతం. కింద తేనెరంగు రాతి గోడలు. పైన నల్లటి ఓక్ దూలాల చట్రం, మధ్యలో తెల్లటి సున్నం. కప్పు మీద మెలికలు తిరిగిన ఇటుక చిమ్నీలు. సరళ కారు దిగకుండానే, అక్కా, ఇక్కడైతే బాగుంటుంది అంది. చదువుకునే రోజుల్లో పుస్తకంలో నలుపు తెలుపుల్లో చూసిన రకం ఇల్లు ఎండలో నిలబడి ఉంది.

టూర్ చూపించేదీ, పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చేదీ ఒకావిడే. మిసెస్ వీలర్. ముత్యాల దండ, మెత్తని గొంతు, గట్టి నడక. ఆవిడ మమ్మల్ని గ్రేట్ హాల్లోకి తీసుకెళ్ళింది. రెండంతస్తుల ఎత్తు, పైన చెక్కుడు పనివాడి నైపుణ్యమంతా చూపించే దూలాలు, చుట్టూ ఓక్ పలకలు. మొదటి పది నిమిషాలు నోరు తెరుచుకుని చూశాను. తర్వాత నా బుద్ధి నన్ను ఊరుకోనివ్వలేదు. పైదూలాల వరస ఒకచోట సగంలో తెగింది, అంటే కొండవాలు మీద పట్టక హాలుని ఒక గది మేర కత్తిరించారు. గోడ పలకల మీద తడితే చప్పుడు బోలుగా వచ్చింది. లోపల ఉన్నది ఉక్కు చట్రం. సంగీతం వాయించేవాళ్ళ మేడ, ఉండాల్సిన చివర కాకుండా, ఫొటోల్లో బాగా పడుతుందని ఎదురు చివర పెట్టారు. ఇక పొయ్యి ఉంది చూశారూ, మన పెళ్ళిళ్ళకి తవ్వే గాడిపొయ్యి మొత్తం పట్టేంత పెద్దది. అందులో పట్టుగుడ్డ పూల కూజా ఒకటి, వెనకాల వేడిగాలి వచ్చే ఇనప జాలీ. వంగి పైకి చూశాను. పొగ పోయే దారి లేదు. ప్లాస్టర్ చేసి మూసేశారు.

"చిమ్నీలు పదకొండూ ఇంతేనా?" అని అడిగాను.

"అవి అందం కోసమండీ. ఇంటిని వేడిచేసే ఫర్నేస్‌కి వేరే గొట్టం ఉంది, అది కనిపించకుండా కట్టారు" అంది మిసెస్ వీలర్ గర్వంగా.

పేరు గొప్ప, ఊరు దిబ్బ. నాలుగు వందల ఏళ్ళు చలి కాచుకున్న ఇల్లు ఓడ దిగేసరికి పొయ్యి కూడా రాజుకోని ఇల్లయిపోయింది. నాకు నిజంగా కోపం వచ్చింది. మా పెద్దలు మమ్మల్ని ఎలా ఉండమంటున్నారో అలా ఉన్న ఇల్లు ఇదేననిపించింది. పైకి అంతా ఉంటుంది, చూసినవాళ్ళు మెచ్చుకుంటారు, లోపల ఒక్క పొయ్యీ వెలగదు.

హాలు ఇస్తాను గానీ మంట కుదరదని ఆవిడ ముందే చెప్పేసింది. ఆవిడ చెప్పిన కారణంలో తప్పులేదు. అంత ఎండిన ఓక్ కలప, దాని వెనక ఖాళీ, ఒక్క నిప్పురవ్వ చాలు. అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆవిడ అక్కడితో ఆగలేదు.

"మా దగ్గర మంచి ఎలక్ట్రిక్ దీపాల స్టాండ్ ఉంది. ఇంతకు ముందు వచ్చిన మీవాళ్ళంతా దానికి సంతోషంగా ఒప్పుకున్నారు" అంది.

"మావాళ్ళంటే ఎవరండీ?" అని సరళ ఇంగ్లిష్‌లో, చాలా నెమ్మదిగా అడిగింది. అది నెమ్మదిగా మాట్లాడిందంటే నాకు భయం. "ఒప్పుకున్నవాళ్ళు ఒప్పుకున్నారు. నేను వాళ్ళని కాదు. థాంక్యూ." అని బయటికి నడిచేసింది.

వెనకాలే వెళ్ళాను. అది కారు దగ్గరికి కాకుండా ఇంటి పక్కనుంచి వెనక్కి నడుస్తోంది. కళ్ళు తుడుచుకుంటోందని దగ్గరికెళ్ళాక చూశాను.

"ఇంకా ఎన్ని హాళ్ళు చూస్తామక్కా? సిటీ హాల్ బుక్ చేసెయ్. అమ్మకి నేనే ఫోన్ చేస్తా."

"ఏం చెప్తావు?"

"ఏముంది, అందరూ చెప్పేదే. అమెరికాలో అంతే అని చెప్తా."

నేను తలెత్తాను. అప్పుడు కనిపించింది. ఇంటి వెనక ముప్పై గజాల దూరంలో, విడిగా, చతురస్రంగా ఒక రాతి కట్టడం. గోడలకి కిటికీలు చాలా ఎత్తులో ఉన్నాయి. కప్పు నాలుగు పక్కల నుంచీ పైకి లేచి మొనదేలింది. ఆ మొన మీద చిన్న చెక్క గూడు, దానికి నాలుగు వైపులా పలకల రెక్కలు. గడ్డిలో పరుగెత్తుకుంటూ వెళ్ళి తలుపు సందులోంచి చూశాను. లోపల మూడు గోడలకీ మూడు పెద్ద పొయ్యిలు.

"సరళా, ఇది వంటసాలే!" అని అరిచాను.

మా వెనకే వచ్చిన మిసెస్ వీలర్, అది గార్డెన్ షెడ్డని, గడ్డి కోసే లాన్‌మూవర్లు పెట్టుకుంటామని చెప్పింది. తాళం తియ్యమన్నాను. తీసింది, కాస్త చిరాగ్గానే. లోపల పెట్రోలు వాసన, రెండు మూవర్లు, గొట్టాల చుట్టలు, పూలకుండీలు. ఇవన్నీ కళ్ళతో పక్కకి తోసేసి చూస్తే గది ఎంత బాగుందో చెప్పలేను. గోడలు ఒక మనిషి చాచిన చెయ్యంత మందం. నేల పరిచిన రాయి. కింద నుంచి రెండు నిలువుల ఎత్తు దాకా చెక్క అన్నదే లేదు, మంట నాలుక చాచినా అందేది రాయే. అక్కడి నుంచి గోడలు మూలల్లో వంగి ఎనిమిది పలకలవుతాయి, వాటి మీద దూలాలు గొడుగు పుల్లల్లా పైకి వెళ్ళి ఒకచోట కలుస్తాయి. ప్రతి దూలం మీదా ఉలితో చెక్కిన నంబరు. ఒక్కటీ కత్తిరించలేదు, ఒక్కటీ తిరగేసి పెట్టలేదు. దొరగారికి విసుగు రావడం దీని అదృష్టం.

పాత ఇంగ్లండ్‌లో పెద్ద ఇళ్ళకి వంటసాల విడిగా కట్టేవారు. నిప్పంటే భయం వల్లే. ఇల్లు కాలిపోకుండా మంటనంతా ఒక రాతి గదిలో పెట్టి, అన్నం పళ్ళాలని వాకిలి దాటించి మోసుకెళ్ళేవారు. ఇదంతా ఆవిడకి అక్కడే చెప్పాను. గొంతు లేచింది, లేవనిచ్చాను.

"మీ హాలు నిప్పుకి భయపడాలి, నిజమే. ఈ గది ఆ భయం కోసమే కట్టింది. దీనికి వచ్చిన పని ఒక్కటే, అలాంటిదాన్ని ఇక్కడికి తెచ్చి మూవర్లు కాయమన్నారు. మేము అడుగుతున్నది జానెడు మంట. ఇందులో ఒకప్పుడు ఎద్దుని కాల్చి ఉంటారు."

నేను ఎద్దు అనగానే శాస్త్రిగారు కళ్ళు మూసుకుని ఏదో గొణిగారు. తర్వాత తలుపులోంచి పడుతున్న ఎండ చూసి, గది నడుమ నిలబడి, "తూర్పు ఇదేనమ్మా. బ్రహ్మాండంగా కుదిరింది. పుణ్యాహవచనం మాత్రం కాస్త ఎక్కువ చేస్తాను లెండి" అన్నారు.

మిసెస్ వీలర్ మెత్తబడలేదు. ఊరి ఫైర్ చీఫ్ అనుమతి లేకుండా అగ్గిపుల్ల కూడా గీయనివ్వనంది. అలా అంటే మేము వెళ్ళిపోతామనుకుని ఉంటుంది.

"అయితే పిలవండి. ఇప్పుడే తాడో పేడో తేల్చుకుంటాం" అంది సరళ. వంటసాల గుమ్మం ముందు రాయి మీద చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది. ఆయన ఊళ్ళో లేకపోతే అని అడిగింది మిసెస్ వీలర్. వచ్చేదాకా ఉంటామంది సరళ.

ఆయన ఊళ్ళోనే ఉన్నాడు. పావుగంటలో బురద పట్టిన పికప్ ట్రక్కులో వచ్చాడు. పేరు డేల్. అక్కడ ఫైర్ బ్రిగేడ్ అంటే జీతాలు లేని ఊరివాళ్ళే, ఈయన అసలు పని పాలడైరీ. మిసెస్ వీలర్ చెప్పింది విన్నాడు, నేను చెప్పింది విన్నాడు, గోడ మీద అరచేత్తో కొట్టి చూశాడు. శాస్త్రిగారి వైపు తిరిగి ఎంత మంట పెడతారని అడిగాడు. ఆయన జానెడు అని చెయ్యి చూపించారు. "సరే, వెలిగించండి. చూస్తా" అని మూవర్లలోని పెట్రోలు భద్రమా కాదా చూసి, దగ్గరగా ఉన్నదాన్ని తానే బయటికి తోసి, పికప్‌లోంచి మంటలార్పే ఎర్ర సిలిండర్ తెచ్చుకుని నిలబడ్డాడు.

నీలం సూట్‌కేసు తెరుచుకుంది. ఇటుకలు పేర్చి, కుండం నిలిపి, మేపుల్ పుల్లలు అమర్చి, శాస్త్రిగారు కర్పూరం వెలిగించి నెయ్యి వేశారు. మంట చక్కగా లేచింది. పొగ కూడా లేచింది. లేచి, సగం దూరం వెళ్ళి, అక్కడ ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా కిందికి దిగడం మొదలెట్టింది. నిమిషంలో గది మబ్బు పట్టింది, శాస్త్రిగారు దగ్గుతూనే మంత్రం చదువుతున్నారు, మిసెస్ వీలర్ రుమాలు ముక్కుకి పెట్టుకుని, నేను చెప్పలేదా అన్నట్టు డేల్ వైపు చూసింది. డేల్ సిలిండర్ పైకెత్తాడు.

"అక్కా, చదివావు కదా, ఏదో ఒకటి చెయ్యి!" అంది సరళ. దాని మొహం చూడలేకపోయాను.

కప్పు మొన మీది పొగ గూడు మూసి ఉంది, అంతవరకు తెలుస్తోంది. అంత ఎత్తున ఉన్నదాన్ని ఆ కాలంలో వంటవాళ్ళు ఎలా తెరిచేవారు? రోజూ నిచ్చెన వెయ్యరు కదా. గాలి ఎటు నుంచి వీస్తే ఆ వైపు రెక్క మూసి ఎదురు వైపుది తెరవాలి, రోజుకి పదిసార్లు. అంటే కింద నుంచే లాగాలి. గోడ వెంబడి చెయ్యి పెట్టి వెతుక్కుంటూ పోయాను. రెండో మూవర్ వెనక రాతి అంచులో బొటనవేలు పట్టేంత గాడి తగిలింది. బావి గిలక దగ్గర చేంతాడు ఒరుసుకుని పడే గాడి ఎలా ఉంటుందో అచ్చం అలా. దాని కింద ఇనప కొక్కెం, కొక్కేనికి చుట్టి దుమ్ము గట్టిపడిన తాడు.

"సరళా, ఇటు రా! పట్టు!"

ఇద్దరం లాగాం. కదల్లేదు. మళ్ళీ లాగాం. చీరలతో, చెప్పులు జారుతూ, ఇద్దరం కాళ్ళు గోడకి తన్నిపెట్టి లాగాం. అప్పుడు మా చేతుల మీదుగా ఇంకో పెద్ద చెయ్యి వచ్చి తాడు పట్టుకుంది. సిలిండర్ కింద పెట్టి డేల్ వచ్చాడు. ముగ్గురం కలిసి ఒక్క ఊపు ఊపేసరికి పైన కిర్రుమని, ఫెళ్ళుమని, గడ్డీ, ఈకలూ, ఎన్నో ఏళ్ళ దుమ్మూ, ఎప్పుడో వదిలేసిన పక్షిగూడూ కలిసి శాస్త్రిగారి నెత్తిన పడ్డాయి. ఆయన మాత్రం కుండం మీదికి వంగి, ఉత్తరీయం అడ్డం పెట్టి, నిప్పు ఆరకుండా కాచుకున్నారు. వెంటనే పైన ఆకాశం ముక్క ఒకటి కనిపించింది. పొగ అంతా ఒక జడలా అల్లుకుని తిన్నగా దాంట్లోంచి వెళ్ళిపోయింది.

డేల్ తల వెనక్కి వాల్చి పైకి చూశాడు. తర్వాత మిసెస్ వీలర్ వైపు తిరిగాడు.

"మార్గరెట్, ఇది వంటగది. వంటగదిలో పొయ్యి వెలిగిస్తామంటే నన్నెందుకు పిలిచావు?"

ఆవిడ ఓడిపోయింది గానీ లొంగిపోలేదు. నాకావిడ మీద గౌరవం కలిగింది అక్కడే. అంత మంచి హాలు పెట్టుకుని పెళ్ళికూతుర్ని షెడ్డులో కూర్చోబెడితే చూసినవాళ్ళు తనని ఏమనుకుంటారని అడిగింది. నిజంగానే బాధపడుతోంది.

"ఏమనుకుంటే ఏంటండీ. పెళ్ళి నాది" అంది సరళ. చెంపల మీద మసీ కన్నీళ్ళూ కలిసి చారలు కట్టాయి. అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

జూన్‌లో పెళ్ళి అక్కడే జరిగింది. మూవర్లు మేమే బయటికి తోశాం, రాతినేల మేమే కడిగాం, గోడలకి మామిడాకులు దొరక్క ఓక్ ఆకుల తోరణాలు కట్టాం. జీలకర్ర బెల్లం నుంచి ఏడడుగుల దాకా అన్నీ వంటసాలలోనే. భోజనాలు మాత్రం పట్టుగుడ్డ పూల కూజా ఉన్న హాల్లో. అన్నం పళ్ళాలు వాకిలి దాటించి మోసుకెళ్ళాం, పాతకాలం పనివాళ్ళలాగే. సర్దుకోమన్న పెద్దలంతా వచ్చారు. టేబుల్ లాంప్ ఆవిడ హోమం ముందు కూర్చుని కళ్ళు ఒత్తుకుంది. పొగ అమ్మా, అంది. ఆ గదిలో పొగ అసలు నిలవలేదని ఆవిడకి చెప్పలేదు. కొండ కింద ఇళ్ళవాళ్ళెవరో ఎల్డర్‌కోట్ మీద పొగ చూసి కంగారుగా ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేశారట. ఎవ్వరూ ఎత్తలేదు. ఎత్తాల్సినాయన మా నాన్న పక్కన కూర్చుని మూడోసారి పులిహోర వేయించుకుంటున్నాడు.

ఆ తర్వాత నేను చాలా విషయాల్లో సర్దుకున్నాను. మేపుల్ పుల్లలతో, ఓక్ ఆకులతో, గుడ్డు ఉన్న పాన్‌కేకులతో కూడా. దాని గురించి నాకు విచారం లేదు. కానీ ఎవరైనా నాతో, ఇక్కడ అంతే అంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అంతే అన్నవాడు ఇంటి ముందు వైపు మాత్రమే చూసి ఉంటాడు. వెనక్కి వెళ్ళి చూడలేదు, తాళం తియ్యమని అడగలేదు, తాడు లాగలేదు. మా సరళ ఆ రాయి మీద కూర్చుని కదలనని అనకపోతే నేనూ కారెక్కి ఇంటికి వచ్చేసేదాన్నే. ఆ రోజు నుంచి ఏ ఇంటికి వెళ్ళినా ముందు పొయ్యి ఎక్కడుందో చూస్తాను.

మీరు ఎల్డర్‌కోట్ వెళ్తే ఒక్క సలహా. ఈ రోజుల్లో వంటసాల కూడా టూర్‌లోనే చూపిస్తున్నారు, కానీ లోపల వెలుతురు తక్కువ, అందరూ పొయ్యిలు చూసి వచ్చేస్తారు. ఒక మంచి టార్చిలైటు తీసుకెళ్ళండి. గది నడుమ నిలబడి పైకి వెయ్యండి. దూలాలు నల్లగా కనిపిస్తాయి. అది ఇంగ్లండ్ నుంచి వచ్చిన మసి అని గైడ్ చెప్తాడు, నిజమే. దాని మీద పొర మాది.